అట్ట మీద మడత

హలో… ఆ, నేనేనమ్మా జెస్సీ, కింది పోర్షన్ నంజమ్మని.

ఆఫీసులో ఉండావా? ఉండు, ఫోన్ పెట్టేయొద్దు. మీ నీలిగొడుగు బ్యాండు రికార్డుకి కొత్త అట్ట గీసి పంపినావే, చూస్తి…

బాగుండాదా అంటే… ఏం జెప్పేది!

మా అక్కా నేనూ ఉండే ఫోటో ఇస్తి కదా నీకు. నేను సొంతంగా అక్షరాలు నేర్చుకున్న పుస్తకంలో పెట్టి యాభై ఏండ్లు దాచినాను, ఒక్క ముడత పడకుండా. నువ్వు నడిమధ్యన మడత పెట్టినావే!

… కంప్యూటర్లోనా? అసలు ఫోటోకి ఏం కాలేదు కదా? ఒట్టు? … అబ్బ, బతికించినావు.

అయినా ఆ మడత ఎందుకు పెట్టల్ల?

… పాతకాలం దాని మాదిరి కనపడల్లనా? అది పాతదే కదమ్మా! దాన్ని ఇంకా పాత చేసేదేంది? మూలల్లో టీ మరకలు, గీతలు… మీ ముందరి అట్టే మేలు. గొడుగు కింద మీ బ్యాండోళ్లు ఐదుగురూ నగుతా ఉండిరి.

… ఇప్పుడిదే ఫ్యాషనా. కానీలే. మరకలు నా మొగం మీద పోసుకో. ఆ మడత మాత్రం తీసెయ్.

… ప్రింటుకి పోయిందా? ఎవరు పంపమన్నారు? … మీ పాటగాడు శశిధరా? ఆయప్ప నన్నొక మాట అడగొద్దా?

… సాయంత్రం దాకా మార్చొచ్చా? మరి మార్చు!

… ఒక్క గీతకి ఇంత కోపమా అంటావా? విను. అక్కా నేనూ ఎప్పుడూ పక్కపక్కన నిలబడి ఫోటో దిగలేదు.

… అవును. కాపురానికి పోయిన అక్క తొలి కాన్పులోనే పాయె. ఆమెది ఒంటి ఫోటో ఒకటుండె. యలహంకలో ఓబళప్ప అని, స్టూడియో ఆయప్ప, నన్ను వేరేగా ఫోటో తీసి దాని పక్కన అతికించినాడు. అతుకు కనపడకుండా మూడు దినాలు కుంచెతో దిద్దినాడు. నా భుజం మీద అక్క చెయ్యి ఉండాది చూడు, అది కూడా ఆయప్ప గీసిందే.

… ఆ. సరిగ్గా ఆ అతుకు మీదనే మడత పెట్టినావు నువ్వు.

… ఏడ్చొద్దమ్మా. నీకెట్ల తెలుస్తాది? ఎవరికీ చెప్పింది లేదు నేను.

… మడత లేకుంటే మరీ కొత్తగా ఉంటాదా? అట్లయితే పక్కకి జరుపు. నా మొగం మీదికి రానీ, పర్వాలేదు. ఆ చెయ్యి మాత్రం తెగకూడదు.

… ఇప్పుడే మార్చి పంపిస్తావా? సరే. ఫోన్ పెట్టు మరి.

… లేదమ్మా, నేను ముందు పెట్టను. ఎప్పుడూ పెట్టను, నా చేత్తో నేను తెంపలేను. నువ్వే పెట్టు… ఆ, ఉండా. వింటా ఉండా. పెట్టు—