గోడ కింద నీళ్లు

తెల్లదొరల కాలపు హాంకాంగ్. వీధి మధ్యలో నేలకింద మరుగుదొడ్డి కడుతున్నారు. ఆ గొయ్యి పక్కనే హౌ పిన్ని జావ దుకాణం. తవ్వకం మేస్త్రీ క్వాయ్ వచ్చి కూర్చున్నాడు.

“చల్లారిపోతోంది క్వాయ్. చేప జావ నీకిష్టమని వేశాను. తాగవేం?”

“ఆకలి లేదు పిన్నీ.”

“ఆ కంపు పని ఒప్పుకుంటే ఆకలెక్కడిది! నేలమీదే కట్టొచ్చుగా మీ దొరలు?”

“మీద కడతామంటే ఇళ్లవాళ్లు ఊరుకున్నారా? మా గుమ్మం ముందు వద్దంటే వద్దన్నారు. సరేనని కిందికి దిగితే నీళ్లు! సముద్రం పోటెత్తితే చాలు, గొయ్యి నిండిపోతోంది. రాత్రీపగలూ పంపు కొడుతూనే ఉన్నాం.”

“వింటూనే ఉన్నాం, మా మనవరాలు ఆ చప్పుడుకే నిద్రపోతోంది. పసిదానికి నెల నిండనీ, వేడుకకి ఎర్రరంగేసిన గుడ్లు పంచుతాను. మొదటిది నీకే.”

“నాకొద్దు పిన్నీ.”

“అదేం మాట?”

“మీ గోడ... గోడకి ఆ బీట...”

“పెరిగింది నాయనా. నిన్న వేలు పట్టేది, ఇవాళ చెయ్యి దూరుతోంది. నువ్వు చెప్పినట్టే చేశాను. వీధి మూల నేలదేవుణ్ణి మీవాళ్లు కదిలించారు, ఆయనకి కోపమొచ్చిందన్నావుగా! ఆ దేవుడి రాయి తెచ్చి బీట దగ్గరే పెట్టాను. రోజూ అగరొత్తులు, నారింజలు. ఇంకా ఏం కావాలో—”

“దేవుడు కాదు పిన్నీ.”

“ఏంటి?”

“దేవుడు కాదు. మా పంపు. నీళ్లతోపాటు ఇసకా లాగేస్తోంది. మీ గోడ కింద ఇసకే అదంతా. బీట పడ్డ రోజే నాకు తెలుసు.”

“ఆ రోజే?”

“పంపు ఆపితే గొయ్యి మునుగుతుంది. దొర నన్నూ నా మనుషుల్నీ తరిమేస్తాడు. దేవుడి పేరు చెబితే నువ్వు గొడవ చెయ్యవని... అబద్ధమాడాను. పాపిష్టివాణ్ణి. తర్వాత తిట్టు, చెప్పుతో కొట్టు. ముందు బయటికి పదండి. కోడలేదీ?”

“బాలింత గడప దాటకూడదురా...”

“దాటాలి పిన్నీ! మేడమీద, వీధివైపు గదిలోనేగా? నేనెళ్లి పిలుస్తా—”

“మేడమీద లేదు.”

“మరి?”

“దేవుడి దగ్గరుంటే చల్లగా చూస్తాడన్నావు కదరా క్వాయ్... పొద్దున్నే కిందికి దింపి, మంచం ఆ గోడకే ఆనించి వేశాను. పసిదాన్ని పక్కలో వేసుకుని నిద్రపోతోంది.”