ఒకే గొట్టం

గాజు ఫ్యాక్టరీలో గొట్టంతో ఊది సీసాలు చేసే ఫిర్మిన్ ఇల్లు. గుమ్మంలో సెలెస్తిన్ నిలబడి ఉంది; కొలిమి పనిలో అతని జతగాడైన ఒనొరే భార్య.

"కూర్చోడానికి రాలేదు. దగ్గు నీకెప్పట్నుంచి, అది చెప్పు ముందు!"

"నాకు దగ్గేంటి వదినా? లోపలికి రా, గ్లాసు వైను పోస్తా..."

"నీ గ్లాసులోనా? నీ ఎంగిలి మా ఇంటికొచ్చింది, చాల్లే!"

"ఏమైంది?"

"నంగనాచిలా అడక్కు. మా ఆయన పొద్దున రక్తం కక్కాడు. డాక్టరు క్షయ అన్నాడు. గాల్లోంచి ఊడిపడిందా? రోజంతా ఇద్దరికీ ఒకే గొట్టం! నువ్వు ఊది ఆయనకిస్తావు, ఆయన ఊది నీకిస్తాడు."

"ఊళ్లో అందరూ అంతేగా. గాజు చల్లారేలోపు చేతులు మారాలి. తుడుచుకునే తీరికెక్కడిది?"

"ఆ కబుర్లు నాకొద్దు! మా నాన్న బొగ్గు గనిలో దిగి దగ్గీ దగ్గీ పోయాడు. గనివాణ్ణి చేసుకోనని మొండికేసి గాజువాణ్ణి కట్టుకున్నా. నీ పుణ్యమా అని మళ్లీ అదే దగ్గు. రేపు ఆయనకేమన్నా అయితే మా రోజిన్‌ని ఎవడు సాకుతాడు? నాలుగేళ్ల పిల్ల!"

"నా వల్ల కాదు."

"మరెవరి వల్ల?"

"కాదన్నానా! ఒనొరేనే అడుగు, పో."

"అడిగితే గోడకేసి తిరిగి పడుకుంటాడు. నిన్ను మాత్రం ఒక్క మాట అననివ్వడు! ఉండు, మేస్త్రీకి చెప్తా. నిన్ను కొలిమి ఛాయలకి రానివ్వొద్దని చెప్తా."

"చెప్పుకో. ఏ డాక్టరుకైనా ఛాతీ చూపిస్తా."

"జేబులో ఏంటది? ఎందుకలా పట్టుకున్నావు?"

"ఏం లేదు."

"తియ్యి!"

"...మూతి. ఇత్తడిది. గొట్టానికి తొడిగి ఊదితే అవతలివాడి ఎంగిలి తగలదు."

"ఫ్యాక్టరీలో ఎవరికీ లేదే! నీకెక్కడిది?"

"ఒనొరే చేయించి ఇచ్చాడు."

"ఎప్పుడు?"

"వదినా, ఇప్పుడవన్నీ..."

"ఎప్పుడని అడుగుతున్నా!"

"రెండేళ్లయింది. అప్పటికే తెలుసు వాడికి. బయటపడితే పనిలోంచి తీసేస్తారని నాతో ఒట్టేయించుకున్నాడు. 'నా రోగం నీకు రాకూడదురా' అని ఏడ్చాడు వదినా, నిజం."

"రెండేళ్లు."

"నేనైనా నీకు చెప్పాల్సింది..."

"నీకు మూతి చేయించాడు! రెండేళ్లుగా ఒకే గిన్నెలో సూప్ తాగుతున్నాం ఫిర్మిన్. ఆయనా, నేనూ, రోజిన్. ఆదివారం నుంచి పిల్ల దగ్గుతోంది."