నీడ లేని బొమ్మలు

ఆదోని, 1957. పత్తి మిల్లు ఆఫీసు గది. కుర్చీలో సావుకారు హనుమంతరాయుడు, పక్కన గుమాస్తా గురురాజ, గడప అవతల కూలీ సుంకన్న. శనివారం సాయంత్రం గోదాములో పత్తి అంటుకుంది.

“మళ్లీ చెప్పు సుంకన్నా. దీపాలు పెట్టే యాళకు యాడున్నావు?”

“చెప్తిని గదా గురురాజ సామీ. ఎమ్మిగనూరు టెంటులో. బొమ్మల సినిమా సూస్తాంటి.”

“కాదు. గోదాములో దూరి బీడీ కాల్చి పారేసినావు.”

“బీడీ యాడిది సామీ? గేటు కాడ దినామూ మా అగ్గిపెట్టెలు గుంజుకునేది మీరే గదా.”

“మొలలో దాచి తెచ్చింటావు.”

“మద్యానం రొండు గంటలకే బస్సెక్కితి సామీ. నన్ను...”

“నువ్వుండు గురురాజా. సుంకన్నా, బొమ్మల సినిమా అంటే ఏందప్పా?”

“మనుసులు కారు సావుకారీ. ఎవురో గీసిన బొమ్మలు. నడుస్తాయి, నవ్వుతాయి, దగ్గుతాయి గూడా. నాకైతే నమ్మబుద్ధి కాలే. ఎండలో నిలబడినా ఒక్కదానికీ నీడ లేదు. నీడ లేనోన్ని ఎట్ల నమ్మేది?”

“నిన్నెట్ల నమ్మేదో అది చెప్పు ముందు.”

“ఉండవయ్యా. కతేంది సుంకన్నా?”

“మన బాయిలరు మాదిరి ఒక ఇనప గొట్టం. దాంట్లో ఒక కెప్టెనూ, ఇద్దరు పనోళ్లూ కూసోని చందమామ మీదికి పోయినారు. ఆడ నేలంతా మన మిల్లులో రాలిన దూది మాదిరే, అడుగేస్తే మోకాలి మట్టుకు దిగుతాది. అంత దూదిలో నిలబడి ఆ కెప్టెను చుట్ట ముట్టిచ్చినాడు సావుకారీ! ఆర్పు ఆర్పు అని అరిస్తి.”

“చాలు చాలు. మాటలు ఇంగ్లీషు గదా, నీకెట్ల తెలిసింది?”

“టెంటాయన మైకులో తెలుగులో చెప్తాండె సామీ.”

“సరే. కడాకు కెప్టెను ఏమైనాడు?”

“ఏమైతాడు సామీ? తిరిగొచ్చినాడు.”

“విన్నారా సావుకారూ! ఈ కత ఒక ఇంగ్లీషు నవలది, అది నేను చదివినాను. కెప్టెను తిరిగి రాడు, చందమామ మీదనే చచ్చిపోతాడు. వీడు ఆ టెంటు మొగమే చూడలేదు.”

“వచ్చినాడు సామీ! నా బిడ్డ మీద ఒట్టు.”

“పుస్తకంలో సచ్చినోడు సినిమాలో బతికినాడేమో లేవయ్యా.”

“రాసినాయన చంపినోన్ని వీళ్లెట్ల బతికిస్తారు సావుకారూ? పనిలోంచి తీసేయండి. పోలీసోళ్లకు చెప్పండి.”

“సామీ, పని తీస్తే మేమేం తినాల? ఇంగోటి చెప్తా, ఇనండి. రీలు తెగె. అంతా చీకటాయె. జనం ఈలలే ఈలలు.”

“ఎన్నిసార్లు తెగింది?”

“ఒకసారి.”

“ఒకసారా? దొరికినావు! కెప్టెను భూమ్మీదికి దిగి పెండ్లాం చెయ్యి పట్టుకునే కాడ ఇంకోసారి తెగలేదూ?”

“ఔను సామీ, ఔను! రెండుసార్లు. మర్చిపోతి.”

“కెప్టెను కిందికి దిగినాడా గురురాజా?”

“అది... ఎవరో చెప్పినారు సావుకారూ.”

“ఎవురు?”

“గుర్తు లేదు. బజారులో ఎవరో.”

“సుంకన్నా, ఎన్ని ఆటలు ఆడె అది?”

“ఒకటే సావుకారీ. శనివారం మొదటాట. మర్నాడు పొద్దున్నే నా ముందరే రీలు పెట్టెలు బళ్లారి బస్సుకేసిరి.”

“ఒకటే ఆట. మరి గురురాజా, శనివారం సాయంత్రం మన గేటు కాడ అగ్గిపెట్టెలు తీసుకునింది ఎవురు?”