మా దొంగగారు కనబడటం లేదు

పందొమ్మిదేళ్ళుగా ఎరిగిన మనిషి పేరు కూడా తెలిసి తీరాలని ఏ చట్టంలో రాశారు సార్?

లేదు, చూపించండి. మీ బల్ల మీదే ఉందిగా లావుపాటి పుస్తకం. సెక్షను నంబరు చెప్పండి, నోరు మూసుకుని వెళ్ళిపోతాను. ఇందాకట్నుంచి మూడుసార్లు అన్నారు, పేరు లేకుండా ఫిర్యాదు రాయడం కుదరదమ్మా అని. ప్రశ్నలన్నీ నోటితో అడిగారు గానీ, రాయడానికొచ్చేసరికి మొదటి గడి దగ్గరే పెన్ను ఆగిపోయింది. దాని కింద ఇంకా పదిహేను గడులున్నాయి. ఒక్క గడి ఖాళీగా ఉంటే మనిషే లేనట్టా?

సరే, గొంతు తగ్గిస్తాను. అలవాటండీ. కాలేజీలో వక్తృత్వ పోటీలకి మైకు ఇచ్చేవాళ్ళు కాదు, ఆఖరి బెంచీకి వినిపించాలనేవారు. ఆ ఆఖరి బెంచీ ఇంకా నా గొంతులోనే ఉంది.

కూచుంటాను. మళ్ళీ మొదట్నుంచి చెప్తాను. కానీ ఈసారి నవ్వకూడదు.

మా దొంగగారు కనబడటం లేదు.

చూశారా! అక్కడ కార్బన్ కాగితాలు సర్దుతున్న ఆయన కూడా నవ్వాడు. నవ్వండి. పోలీస్ స్టేషనుకొచ్చి, మా దొంగ తప్పిపోయాడు మహాప్రభో అని మొత్తుకునేది ప్రపంచం మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

దొంగంటే ఆటలో దొంగండీ. బయట బెంచీ మీద నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూచున్నారే, ఆయన మా పెదనాన్న. ముప్ఫై ఒక్కేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దారు. అచ్చుతప్పు కనిపిస్తే పెళ్ళిపత్రికైనా సరే ఎర్రపెన్ను తీసేస్తారు. ఆయన ఇంట్లో ఒక గది నిండా నేల నుంచి పైకప్పు దాకా ఆటలే. పెట్టెలు, నియమాల పుస్తకాలు, చేత్తో గీసిన కోటల పటాలు, సీసం బొమ్మలు. మా పెద్దమ్మ అంటుంది కదా, "ఈ కాపురం మీ పెదనాన్నకీ రాక్షసులకీనే. నేను మధ్యలో టీలు పెట్టేదాన్ని" అని.

ఏం ఆటంటారా? బల్ల చుట్టూ కూచుని కథ ఆడుకుంటామండీ. పెదనాన్న కథ నడుపుతారు. మిగతావాళ్ళం తలా ఒక వేషం. నేను గోడెక్కుతున్నానంటే ఎక్కేసినట్టు కాదు, పాచిక వెయ్యాలి. ఎక్కామో, నడుం విరగ్గొట్టుకున్నామో అది చెప్తుంది.

అయ్యో, పందెం లేదు సార్! పాచిక అన్నానో లేదో మీ కళ్ళు అలా మారిపోయాయేంటి? ఇరవై ముఖాల పాచికతో ఎవడాడతాడండీ జూదం? రేకు డబ్బాల నిండా ఉన్నాయి, వచ్చి సోదా చేసుకోండి. పట్టుకెళ్ళిపోతామంటే పెద్దమ్మ దగ్గరుండి మూటలు కట్టిస్తుంది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి. పందొమ్మిదేళ్ళుగా. నేను చేరి నాలుగేళ్ళే అయింది. మొదటి రోజు నుంచీ ఉన్నది దొంగగారే.

పేరు దగ్గరికే వస్తున్నాను. ఆ బల్లకి ఒక కట్టుబాటుంది. "గుమ్మం దాటితే బయటి పేరు బయటే." లోపల వేషం పేరుతోనే పిలుచుకోవాలి. ఎవరైనా నోరుజారి బయటి పేరు పలికితే ఒక వంతు పోయినట్టే. ఎందుకు పెట్టారంటే, మొదట్లో అచ్చాఫీసు వాళ్ళే ఆడేవారట. అక్కడ మేనేజరు ఇక్కడ వంటవాడి వేషం వేశాడట. వేస్తే ఏం లాభం? "ఏమయ్యా, వారం నుంచి చూస్తున్నా..." అంటూ రాజుగారి మీదే కేకలేశాడట, ఆ రాజుగారు అతని కింద గుమాస్తా కాబట్టి. అప్పుడు పెట్టారు పెదనాన్న. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళయ్యేది ఆ ఒక్క బల్ల దగ్గరేనండీ. మంచి నియమమే కదా? నేనైతే దాని తరఫున ఏ వేదిక మీదైనా వాదిస్తాను.

కానీ మనిషి రావడం మానేస్తే ఏం చెయ్యాలో ఆ నియమంలో లేదు.

ఎడమ భుజం కాస్త వాలి ఉంటుంది. అరవై దాటుంటాయి. చక్కెర లేని టీ. రెండువైపులా చెక్కిన పెన్సిలు. చెప్పులు విప్పి ముందుభాగం వీధివైపు తిప్పి పెడతారు. ఎందుకు దొంగగారూ అంటే, "పారిపోవాల్సొస్తే తిప్పుకునే టైముండదమ్మా" అనేవారు. ఇవన్నీ రాయండి. ఏ గడిలోనా? అదే కదా నా బాధ, మీ ఫారంలో వీటికి గడే లేదు!

ఇదిగో, ఇది చూడండి. ఆయన వేషం కాగితం. ప్రతి ఆటగాడికీ ఒకటుంటుంది. ఆయన చేతిరాతే. పేరు: చీకటి. వృత్తి: దొంగతనం. భయం: కుక్కలు. ఎవరికోసం ప్రాణమిస్తాడు: పక్కన నడిచేవాళ్ళ కోసం. ఆప్తులు: ఆదివారం వాళ్ళు. ఫారమంటే ఇలా ఉండాలి సార్. మీరు 'పుట్టుమచ్చలు' అని అడుగుతున్నారు. నాలుగేళ్ళు ఎదురుగా కూచున్నాను, పుట్టుమచ్చ ఎవరు చూశారు?

ఫోను నంబరు? లేదు. అవసరమే పడలేదు. రెండయ్యేసరికి వచ్చేవారు, ఆరింటికి బస్సుకి వెళ్ళేవారు.

బస్టాపులో నిలబడ్డాను, రెండు రోజులు. కండక్టర్లందర్నీ అడిగాను. "అరవయ్యేళ్ళు, గుడ్డ సంచీ, భుజం వాలిన మనిషా? రోజుకి నలభైమంది ఎక్కుతారమ్మా, ఏ నలభైలో వెతకను?" అన్నాడొకాయన. మాలో సేనాపతి ఉంది. ఆవిడ నర్సు. మాకెలా తెలుసంటే, డ్యూటీ బట్టల్లోనే పరిగెత్తుకొస్తుంది కాబట్టి. తను పనిచేసే ఆస్పత్రిలో వార్డు వార్డూ తిరిగింది. పేరు చెప్పమ్మా అన్నారట. అన్నట్టు ఆవిడ పేరూ మాకు తెలీదు. మూడు వారాలుగా అడగాలనుకుంటున్నాం, సిగ్గేసి ఊరుకుంటున్నాం.

మూడు ఆదివారాలు సార్. మొదటి వారం పెద్దమ్మ ఆయన కప్పులో కూడా టీ పోసేసింది. చల్లారిపోయింది. రెండోవారం పోయలేదు, కప్పు మాత్రం పెట్టింది. మొన్న అదీ పెట్టలేదు, చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. "పోయాడో అలిగాడో కూడా తెలీకుండా ఇదేం స్నేహమే తల్లీ!" అంది.

పోతే ఏడవాలి. అలిగితే కాళ్ళ మీద పడాలి. ఏదీ తెలీకపోతే ఏం చెయ్యాలండీ? చెప్పండి, ఇన్నేళ్ళ సర్వీసు మీది.

ఆయన అలగరు అంటారు పెదనాన్న. నేనూ తల ఊపుతున్నాను.

కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా?

...ఇందాక పెదనాన్న ఇక్కడ కూచున్నప్పుడు మీరొక ప్రశ్న అడిగారు. ఈమధ్య ఏమైనా గొడవ జరిగిందా అని. పన్నెండో గడి. నేను టక్కున, "ఏమీ జరగలేదు సార్" అన్నాను. పెదనాన్న నావైపు చూడలేదు. ఫ్యాను గాలికి కంట్లో నీళ్ళొస్తున్నాయని లేచి బయటికెళ్ళారు.

జరిగింది.

గొడవ అనరు దాన్ని. వాదన. నేను గెలిచాను.

ఆయన ఆఖరుసారి వచ్చిన ఆదివారం. పెదనాన్నకి కంటి ఆపరేషనై నాలుగు రోజులు. ఒక కంటికి కట్టు, రెండోది ఎప్పట్నుంచో అంతంతమాత్రం. వద్దంటే వినలేదు. "కథ నోటితో చెప్పేదే కదా, పుస్తకం అవసరమైతే అమ్మాయి చదువుతుందిలే" అన్నారు. అమ్మాయంటే నేను.

కోటలోంచి తప్పించుకుంటున్నాం. నాది రాయబారి వేషం. ఆటలో కూడా నోటితో బతికేదాన్నే. నా కాలికి బాణం తగిలింది. దొంగగారు నన్ను వీపున వేసుకుని గోడెక్కుతున్నారు. పాచిక వేశారు. నాలుగు పడింది. పట్టు జారింది. పడిపోతున్నవాడికి మా ఆటలో ఇంకో పాచిక ఇస్తారు, ఆఖరి పట్టు అంటారు. అది పడితే బతికినట్టే. ఆయన పాచిక గుప్పిట్లో పెట్టుకుని ఊదుతున్నారు కూడా.

నేను, "ఒక్క నిమిషం" అన్నాను.

ఎందుకన్నానో అడక్కండి. నాకెక్కడో చదివినట్టు గుర్తు. గుర్తొస్తే చెప్పకుండా ఉండలేను, నా నాలుక నాకంటే ముందు లేచి నిలబడుతుంది. గదిలోకెళ్ళి ఎర్రట్ట పుస్తకం లాక్కొచ్చాను. నూట పద్నాలుగో పేజీ. "వీపున బరువు మోస్తున్నవారికి ఆఖరి పట్టు వర్తించదు." గట్టిగా చదివాను. ఆఖరి బెంచీకి వినబడేలా.

పెదనాన్న, "మళ్ళీ చదువు" అన్నారు. చదివాను. కళ్ళు మూసుకుని విన్నారు, కామా ఎక్కడుందో కూడా అడిగారు. సేనాపతి నెత్తి కొట్టుకుంది. "ఆ బరువు నువ్వే కదే పిల్లా! నిన్నే కదే మోస్తున్నాడు!"

దానికి నేనేమన్నానో తెలుసా? "నియమానికి మొహమాటం ఉండదు" అన్నాను. కప్పులు గెలిచిన నోరండీ ఇది. అలాంటి వాక్యాలు వాటంతటవే వచ్చేస్తాయి.

పెదనాన్న, "అచ్చులో ఉంటే ఉన్నట్టే" అన్నారు. జీవితమంతా ఆ మాట మీదే బతికిన మనిషి. కాగితం దగ్గరికి లాక్కుని, చేత్తో తడుముకుంటూ, 'చీకటి' అన్న పేరు మీద ఎర్రగీత గీశారు. పందొమ్మిదేళ్ళ దొంగ. కింద పడ్డది ఆయన, ఆయన మీద పడ్డది నేను. నేను బతికాను.

దొంగగారు గుప్పిట విప్పి పాచిక బల్ల మీద పెట్టారు. వెయ్యలేదు, పెట్టారు. "బాగా వాదించావమ్మా రాయబారీ" అన్నారు. ఎగతాళి కాదండీ, నిజంగానే మెచ్చుకున్నారు. టీ కప్పు తనే తీసుకెళ్ళి కడిగి బోర్లించారు. ఎప్పుడూ కడగలేదు. చెప్పులు వీధివైపే ఉన్నాయిగా, తొడుక్కుని వెళ్ళిపోయారు. ఆరు కూడా కాలేదు.

ఆటే కదా అంటారా? నేనూ ఆ రాత్రంతా అదే అనుకున్నాను. కొత్త వేషం వేసుకుంటారులే, ఏముంది అనుకున్నాను. కానీ ఆయనకి మిగతా ఆరు రోజులు ఎలా ఉండేవో మాకెవరికీ తెలీదు సార్. అవి ఎలా ఉంటే ఒక మనిషి పందొమ్మిదేళ్ళు ఒక్క ఆదివారం కూడా తప్పకుండా వస్తాడు?

ఇంకా ఉంది. రాయకండి, ముందు వినండి.

సోమవారం పుస్తకం దాని చోట పెట్టబోయాను. పక్కన ఇంకో ఎర్రట్ట ఉంది. దాని పక్కన ఇంకోటి. పెదనాన్న సేకరించేవారు కదా, ఒకే పుస్తకం నాలుగు కూర్పులూ ఉన్నాయి. మా బల్ల ఆడేది రెండో కూర్పు. మొదట్నుంచీ అదే. నా చేతిలో ఉన్నది మూడోది.

రెండో కూర్పు తీశాను. నూట పద్నాలుగో పేజీ. ఆ వాక్యం లేదు. మూడోదాంట్లో కొత్తగా చేర్చారు. మా ఆటలో, మా నియమంలో, ఆయనకి ఇంకో పాచిక ఉంది. న్యాయంగా ఉంది. నేను తీసేశాను.

పుస్తకం లోపల పెట్టేసి, నాలుగింటినీ వరసగా సర్ది, బయటికొచ్చేశాను.

ఆదివారం ఆయన రాగానే అందరి ముందూ చెప్పేద్దాం అనుకున్నాను. రాలేదు. ఆయనే లేకుండా చెప్పి ఏం లాభం అనుకున్నాను. తర్వాతి వారం, ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదంటారని చెప్పలేదు. ఆ తర్వాత, వద్దులెండి. ఎదుటివాళ్ళ వాదనలో ఇలాంటి పిరికి సాకు దొరికితే నేను చీల్చి చెండాడేసేదాన్ని.

నిన్న సాయంత్రం, పెదనాన్న మీ దగ్గరికి తెస్తానంటే ఈ కాగితం తీశాను. ఎర్రగీత కింద చూడండి. ఇక్కడ. పెన్సిలుతో చిన్న చిన్న చుక్కలు. అచ్చాఫీసులో కొట్టేసిన మాట కింద అలా చుక్కలు పెడితే, ఆ కొట్టివేత తప్పు, మాట ఉన్నది ఉన్నట్టే ఉండనివ్వండి అని అర్థం. పెదనాన్నే నాకు చిన్నప్పుడు నేర్పారు.

కంటికట్టు విప్పి పది రోజులైంది. ఆయన రెండో కూర్పు తీసి చూశారు. ఆయనకి తెలుసు.

నన్ను ఒక్క మాట అనలేదు సార్. తిట్టినా బావుండేది, తిడితే ఎదురు చెప్పడం నాకొచ్చు. పొద్దున టిఫిన్ దగ్గర మాత్రం అన్నారు, "నాతో స్టేషనుకి రా అమ్మా, నీకు మాట్లాడటం వచ్చు కదా" అని. అంతే.

అందుకే వచ్చాను. వచ్చి మీ మొదటి గడితో పోట్లాడుతూ కూచున్నాను, పన్నెండో గడి దాకా మీరు మళ్ళీ వెళ్ళకుండా.

ఆయన దొరకరని మీ మొహమే చెప్తోంది. పేరు లేదు, ఊరు లేదు, ఏ బస్సో తెలీదు. దొరకరు. నాకూ తెలుసు.

ఆ ఫారం పక్కన పెట్టండి, ఒక్క పని చెయ్యండి. నేనుగా బయటికెళితే బెంచీ దాకా వెళ్ళేలోపు ఇంకేదో అనేస్తాను, ఇంకేదో గెలిచేస్తాను. మీరు పిలవండి. మా పెదనాన్నని లోపలికి పిలిచి, ఇదిగో ఈ కుర్చీలో కూచోబెట్టండి. కూచున్నాక ఆ గొడవ ప్రశ్న మళ్ళీ అడగండి సార్, నా మొహంలోకే చూస్తూ అడగండి.