కారు మొహానికి కట్టిన బోర్డు

బావగారు కథ మొదలుపెట్టేసరికి కారు ముందు భాగంలోంచి ఇంకా ఆవిరి వస్తూనే ఉంది. ఇస్త్రీ కొట్టుకీ టీ కొట్టు బల్లకీ సరిగ్గా మధ్యలో, రోడ్డు వారగా ఆగిపోయింది కారు. తాళం తిప్పితే టక్కుమంటోంది, అంతే, మళ్ళీ మాటా పలుకూ లేదు. ఇస్త్రీ కొట్టావిడ గుమ్మంలో నిలబడి ఒకసారి కారు వంక, ఒకసారి లోపల పేర్చిన దుప్పట్ల మూటల వంక చూసి పళ్ళు బిగబట్టింది. చీకటి పడేలోపు ఆ మూటలు లాడ్జికి చేరాలి. పోయినసారి ఆలస్యమైనప్పుడే మేనేజరు మొహం మీద చెప్పాడు, ఇంకోసారి ఇలా జరిగితే మిషన్ల లాండ్రీ వాళ్ళకి ఇచ్చేస్తానని. లాడ్జి పని పోతే కొట్టుకి మిగిలేవి వీధిలో వాళ్ళ చొక్కాలు, అవి కూడా పెళ్ళిళ్ళప్పుడే.

కారు పాతదే. చేతులు మారి మారి వచ్చింది. అయినా ఆమె దాన్ని ఎప్పుడూ రోడ్డు మీద నిలబెట్టింది లేదు. భర్తకి మోకాళ్ళు పట్టేశాక తనే నడపడం నేర్చుకుంది, తనే నీళ్ళు పోసుకుంటుంది, దాని ప్రతి చప్పుడూ ఆమెకి తెలుసు.

బావగారంటే భర్తకి అన్న. బస్సుల డిపో గేటు దగ్గర కాపలా ఉండేవాడు. లోపలికెళ్ళే బస్సుకి చెయ్యూపడం, బయటికొచ్చే బస్సుకి చెయ్యూపడం, అదీ ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక మాత్రం ఇంజన్ల గురించి ఆయనకి తెలియనిదంటూ లేకుండా పోయింది. వీధిలో అందరూ గేరు బావ అంటారు. నిన్న సాయంత్రం వచ్చి, కారు గొంతు కాస్త బొంగురుపోయింది, చూసి తెస్తానని తాళం అడిగాడు. ఆమెకి ఇవ్వడం ఇష్టం లేదు. కానీ పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచి ఆయన ముందు గొంతెత్తిన మనిషి కాదు, ఏం చెప్పాలన్నా తలుపు చాటునుంచే. ఆమె నోరు తెరిచేలోపు భర్త మేకుకి తగిలించిన తాళం తీసి అన్నగారి చేతిలో పెట్టేశాడు.

ఈ మధ్యాహ్నం కారు తిరిగొచ్చింది, మొహమంతా మూసేస్తూ పెద్ద రేకు బోర్డు కట్టుకుని. "ఇంజన్ల వైద్యుడు, ముట్టుకుంటే చాలు" అని ఎర్ర అక్షరాలు. పక్కన మీసాలతో సహా బావగారి బొమ్మ. చుట్టూ రంగు బల్బులు. లాడ్జి దాకా, బజారు దాకా ఆమె రోజూ తిప్పే కారు కదా, ఊరంతా చూస్తుందని ఆయన లెక్క. ఆమెని ఒక్క మాట అడగలేదు.

"ఏం లేదు, వేడి చేసింది దీనికి," అన్నాడు బల్ల మీద కాళ్ళు పైకి పెట్టుకుని. "కాసేపు కదపకూడదు. ఇలాంటివి నేనెన్ని చూశాను." టీ కొట్టు అవ్వ గ్లాసు అందించింది. కటింగ్ షాపాయన పని లేక దువ్వెన చెవి మీద పెట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. అంతే, ఇంకేం కావాలి బావగారికి.

మొదట చిన్నగానే మొదలైంది. డిపోలో ఒకరోజు పొద్దున్నే బస్సు కదలనంటే మెకానిక్కులందరూ చేతులెత్తేశారట. ఈయన గేటు వదిలి వచ్చి, బానెట్ మీద చెవి పెట్టి, నీళ్ళ గొట్టానికి చిల్లు పడిందన్నాడట. చూస్తే చిల్లేనట. సరే, అది జరిగి ఉండొచ్చు. కానీ టీ సగమయ్యేసరికి చెవి పెట్టే అవసరం కూడా తప్పిపోయింది. గేటు దగ్గర స్టూలు మీద కూర్చునే, రెండు వీధుల అవతల దగ్గుతున్న బస్సుకి ఏ గొట్టం పోయిందో చెప్పేవాడట. డ్రైవర్లు బస్సు దిగకుండానే, అయ్యా మా బండికేమైంది అని దణ్ణం పెట్టి అడిగేవారట.

"బస్సుకి దగ్గొస్తే సరే, డ్రైవరుకొస్తే?" అన్నాడు కటింగ్ షాపాయన.

"అదీ చెప్పేవాణ్ణి," అన్నాడు బావగారు.

ఆమె తడిగుడ్డ తీసుకుని కారు దగ్గరికెళ్ళింది. రేడియేటరు మూత మీద చెయ్యి పెట్టబోతే సెగ కొట్టింది. ఇప్పుడు విప్పితే మరుగుతున్న నీళ్ళు మొహాన పడతాయి. చల్లారేదాకా ఆగాల్సిందే, ఆగినంతసేపూ ఈ కథ వినాల్సిందే. లోపల్నుంచి భర్త, అన్నయ్య చూసుకుంటాడులే, నువ్వెందుకు ఎండలో అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూసిన చూపుకి ఆయన ఇస్త్రీపెట్టె అందుకుని, ఇస్త్రీ అయిన దుప్పటికే మళ్ళీ ఇస్త్రీ చెయ్యడం మొదలుపెట్టాడు.

అప్పుడే బల్ల మీదనుంచి ఆ మాట వినపడింది.

"ఈ కారుకి కూడా ఒక జబ్బు కనిపెట్టాను. ముందు ఫ్యాన్ ఉందా, అది చచ్చిపోయింది. నిన్న రాత్రి ఇంజను స్టార్ట్ చేసి చూశాను కదా, కదిలితే ఒట్టు. తిరగని ఫ్యానుకి కరెంటు ఎందుకు దండగ? ఆ తీగ కోసి బల్బులకిచ్చాను. రాత్రంతా మా వీధి పెళ్ళిపందిరిలా వెలిగిపోయిందనుకో."

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ ఫ్యాను చల్లటి ఇంజనుకి తిరగదు. లాడ్జి మెట్ల దగ్గర బండి ఆపాక, ఇంజను బాగా వేడెక్కి ఉంటుంది కదా, అప్పుడు గుయ్యిమని తిరుగుతుంది. మూటలు దించుతున్నంతసేపూ రోజూ వింటూనే ఉంటుంది. తిరిగే ఫ్యాను తీగ కోసేశాడు. గాలి వచ్చే దారికి తన బొమ్మ అడ్డం పెట్టాడు. కారు ఉడికిపోక ఏమవుతుంది? ఇక స్టార్ట్ ఎందుకు కాదంటే, రాత్రంతా ఆ మీసాల చుట్టూ బల్బులు వెలిగాయి కదా, బ్యాటరీలో ఏం మిగులుతుంది? ఇక్కడిదాకా ఎవరిచేతనో తోయించి స్టార్ట్ చేసుకొచ్చుంటాడు.

కొట్టులోకి వెళ్ళి బొగ్గుల పట్టకారు తెచ్చింది. బోర్డు కట్టిన ఇనప తీగల్ని ఒక్కొక్కటే మెలి తిప్పి తెంపడం మొదలుపెట్టింది.

బల్ల మీద కథ అప్పటికే కొండెక్కింది. డిపో పెద్దాఫీసరు కారులో ఈయన్ని వెంటబెట్టుకుని కొండ దారిలో వెళుతుంటే, సగం దారిలో కారు ఉడికి ఆగిపోయిందట. చుట్టూ ఒక్క చుక్క నీళ్ళు లేవట.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీరు లోపలే కూర్చోండి సార్ అని, వెనక చెయ్యి వేశాను. ఒక్క చెయ్యి. కొండ కొసదాకా తోసుకుపోయాను."

"రెండో చెయ్యి ఏం చేస్తోంది?" అంది అవ్వ.

"టీ గ్లాసు పట్టుకుంది. చుక్క ఒలికితే చెప్పుతో కొట్టు. పైకెక్కేసరికి ఆఫీసరు నిద్రపోయాడు, అంత మెత్తగా తోశాను. అప్పుడు రేడియేటరు మూత ఎగిరిపోయింది. ఎంత ఆవిరనుకున్నావ్? ఆకాశం కనపడలేదు. ఆ ఆవిరంతా పైకెళ్ళి మబ్బు కట్టింది. నేను కిందనుంచి చూపుడు వేలు ఇలా ఆడించాను, మబ్బు సరిగ్గా వచ్చి బానెట్ మీద ఆగింది. కురిసింది. ఎక్కడ? రేడియేటరులో. ఆఫీసరు తల మీద ఒక్క చినుకు లేదు. తిరుగు దారిలో ఆ మబ్బు మా వెనకే వచ్చింది. మలుపు దగ్గర నేను చెయ్యి చూపిస్తే అదీ తిరిగేది."

"హారన్ కొట్టేదా?" అన్నాడు కటింగ్ షాపాయన.

"మబ్బు ఎక్కడైనా హారన్ కొడుతుందా, నీకు బొత్తిగా తెలివి లేదు," అని కసురుకున్నాడు బావగారు.

ఆఖరి తీగ తెగింది. బోర్డు ధడాలున రోడ్డు మీద పడింది. ముగ్గురూ ఇటు తిరిగారు. ఆమె ఎవరినీ చూడలేదు. బావగారు కోసిన ఫ్యాను తీగల్ని మళ్ళీ జతచేసి మెలిపెట్టి గట్టిగా చుట్టింది. ఎండ గోడ మీదికి ఎక్కేదాకా ఆగి, గుడ్డ వేసి మూత కొంచెం కొంచెంగా విప్పింది. చెంబుతో నెమ్మదిగా నీళ్ళు పోసింది. చెంబు మీద చెంబు మింగింది కారు. మూటలన్నీ తనే మోసి వెనక సీట్లో కుక్కింది. భర్త సాయానికి రాబోతే మోచేత్తో పక్కకి నెట్టింది.

అప్పుడు వెళ్ళి బల్ల ముందు నిలబడింది.

"బావగారూ," అంది. ఆమె గొంతు అంత పెద్దదని ఆ వీధిలో ఎవరికీ తెలియదు, ఆమెకి కూడా. "ఆ ఫ్యాను చావలేదు. ఇంజను వేడెక్కితేనే తిరుగుతుంది. మీరు తీగ కోశారు. గాలి ఆడకుండా మీ బొమ్మ కట్టారు. బ్యాటరీ మొత్తం మీ మీసాలకే తగలేశారు. ఈ కారుకి పట్టిన రోగం మీరే."

పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతేనా ఇది అంటూ బావగారు తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు ఇస్త్రీపెట్టె వైపు చూశాడు.

"పద్ధతి తర్వాత. కొండ మీదికి ఒంటి చేత్తో తోశారుగా, ఇది చదును రోడ్డు. రెండు చేతులూ వెయ్యండి."

కటింగ్ షాపాయన దువ్వెన జేబులో పెట్టుకుని, లే బావా, మేమూ సాయం పడతాం, మబ్బు సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. నడుం పట్టేసిందని బావగారు ఏదో గొణిగాడు. అవ్వ ముందుకు వంగి ఆయన చేతిలోని గ్లాసు లాక్కుంది.

ఆమె స్టీరింగు ముందు కూర్చుని, క్లచ్ తొక్కి, రెండో గేరులో పెట్టింది. వెనక ముగ్గురూ తోశారు. కారు బద్ధకంగా కదిలింది, వేగం అందుకుంది. వీధి చివర దాకా వచ్చాక క్లచ్ వదిలింది. ఒక్క కుదుపు, ఇంకో కుదుపు, ఇంజను దగ్గి, గర్జించింది. అద్దంలో చూస్తే బావగారు రోడ్డు మధ్యలో చతికిలబడి ఉన్నాడు.

ఆమె ఆపలేదు. ఇంజనులో వేడి మిగలకుండా లాగెయ్యాలని హీటరు పూర్తిగా తిప్పి, కిటికీలన్నీ దించేసింది. వేడిగాలి మొహాన కొడుతోంది, చెమట కారుతోంది, కళ్ళు మాత్రం ఇంజను వేడి చూపించే ముల్లు మీదే. ముల్లు సగం దగ్గరే నిలబడింది. ఇన్నేళ్ళూ తలుపు చాటున మింగినవన్నీ ఆ వేడిలో పైకే తిట్టుకుంటూ నడిపింది. పక్కన స్కూటరు మీద పోతున్నాయన భయపడి దారిచ్చాడు. లాడ్జి మెట్ల ముందు ఆగేసరికి దీపాలు ఇంకా వెలగలేదు. బానెట్ కింద ఫ్యాను గుయ్యిమంది.

మూటలు దించుతూ, మిగిలిన మాటలన్నీ దాచుకుంది. అవి బావగారికి కావు. మేకు మీది తాళం తీసి ఇచ్చినాయనకి.