చల్లగా ఉన్న కార్డు

మే నెల మధ్యాహ్నం, చొప్పదండిలో తలుపులు మూసుకున్న ఫొటో స్టూడియోలో అక్కాతమ్ముళ్లు ఒకే కంప్యూటర్ ముందు చెమటలు కక్కుతూ కూర్చున్నారు. తెర మీద ఒక పెళ్లి వీడియో వేరే ఫార్మాట్‌లోకి నత్తనడకన మారుతోంది.

“ఇంక ఎంతసేపురా?”

“నాలుగు గంటలు సూపిస్తుందక్కా.”

“పెండ్లోల్లు పొద్దూకంగనే రిసెప్షన్‌ల తెరమీద ఏస్తమని కూసున్నరు. వాళ్లకు ఏం మొఖం వెట్టుకోని చెప్పాలె?”

“నేనేం జెయ్య? కంప్యూటర్ గంతే ఉరుకుతది.”

“మరి గా గ్రాఫిక్స్ కార్డు ఎందుకు తెచ్చినవ్? ఉక్కపోతకు సస్తున్న, కూలర్ కొనురా అంటే, కార్డుంటే వీడియోలు చిటికెల మారుతయంటివి.”

“కార్డు పనిజేస్తనే ఉన్నదక్కా.”

“ఏడ జేస్తుంది? కంప్యూటర్ డబ్బా తెరిచే ఉన్నది గద, జర చెయ్యివెట్టి సూడు. దాని ఫ్యాన్ గూడ తిరుగుతలేదు.”

“అవునక్కా… సల్లగున్నది.”

“వీడియో మార్చుమని కమాండ్ ఏం గొట్టినవ్?”

“పాతదే. ఎప్పుడు గొట్టేదే.”

“ఛీ! కార్డుతోని మార్చుమని అండ్ల రాయకపోతే దానికెట్ల ఎరుకైతది? పాత ప్రాసెసరొక్కటే మొత్తం మోసుకుంట సస్తుంది. కార్డు తెచ్చిన కాడికెల్లి గిదేనా నీ కథ?”

“తప్పని తెరమీద ఏం రాలే గద. అంత మంచిగనే ఉన్నదనుకున్న.”

“అనుకున్నవ్! నీ తెలివికో దండం. దాన్ని ఆపు. కమాండ్‌ల వీడియోను మార్చే ఎన్‌కోడర్ కాడ పాత పేరు తీసేసి కార్డుది రాయి. ఆఁ, గిప్పుడు గొట్టు.”

“అక్కా, ఫ్యాన్ తిరుగుతుంది! ఇరవై నిమిషాలే సూపిస్తుంది!”

“సంబురపడకు. గా ఉడుకు గాలంత నా మొఖానికే గొడుతుంది.”

“పనిజేస్తుందన్నట్టే గదక్కా.”

“గింతసేపు గీ రూంల సల్లగున్నది గా కార్డొక్కటే ఉండె. ఇగ గదీ పాయె.”