ఎడమ కాలి ఇనుప బూటు

మ్యూనిక్‌లోని ఆ చిన్న వంటింట్లో ఆమె పూరీలు వేస్తోంది. కాపురానికొచ్చి ఏడాది కాలేదు. పూరీ పొంగితే చాలు, ఆమె మనసూ పొంగిపోతుంది. ఇంతలో భర్త ఖాళీ సంచి పట్టుకుని ఊడిపడ్డాడు.

“నా స్టీల్ షూ ఏదీ?”

“పాత ఇనుముతో పాటు వెర్ట్‌స్టోఫ్‌హోఫ్ చెత్త కేంద్రంలో పడేశాను.”

“పిచ్చా నీకు? మలుపులో ఎడమ కాలు నేలకి ఆనించి జారేది దానిమీదేగా! రేపు ఇంగ్లండ్‌లో స్పీడ్‌వే బైక్ రేసుల లీగ్ ఫైనల్!”

“అసలే బ్రేకుల్లేని బండి. కిందటి నెలేగా భుజం విరగ్గొట్టుకున్నావు?”

“తగ్గిపోయింది. ఇంకొకడి షూ అడుక్కుంటాలే.”

“నీ కాలి కొలతకి చేసింది, వేరేది పట్టదని నువ్వేగా కోతలు కోశావు?”

“అయితే అది లేకుండానే దిగుతా. ఏం చేస్తావో చెయ్యి.”

“చేసేశాను. పొద్దున్నే మీ టీమ్ మేనేజర్‌కి ఫోన్ చేసి, డాక్టర్ ఇంకా బండెక్కొద్దన్నాడని చెప్పేశాను.”

“ఆ మాట ఎవరికీ చెప్పొద్దన్నానా లేదా?”

“అన్నావు. నీ బదులు ఇంకొకర్ని తీసుకున్నారు.”

“వచ్చే సీజన్‌కి కూడా నన్నిక పిలవరు, తెలుసా నీకు?”

“తెలుసు. పిలిస్తే మళ్ళీ ఫోన్ చేస్తాను.”